ప్రమాదం క్వారీలో, తీర్పు అరుగు మీద: గాయపడిన కూలీకి చేరని చట్టం

ఒంగోలు: రాతి దిమ్మె జారి కూలీ చెయ్యి నలిగిన రోజున ఆసుపత్రి దగ్గర ముందుగా కనిపించేది మేస్త్రీ. ఆ తరువాత యజమాని తరఫు గుమాస్తా. మూడో రోజో నాలుగో రోజో, కుట్లు ఆరకముందే, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఆసుపత్రి ఖర్చు యజమాని పెట్టుకున్నాడు గనుక అది పోను చేతికి ఎంత ఇవ్వాలన్నదే అక్కడ ప్రశ్న. యాభై వేలా, లక్షా అని బేరం సాగుతుంది. కుదిరిన మొత్తం లెక్కపెట్టి ఇచ్చి, స్టాంపు కాగితం మీద సంతకమో, బాగున్న చేతి వేలిముద్రో తీసుకుంటారు. ఇకమీదట ఈ ప్రమాదం విషయమై తనకు గాని, తన వారసులకు గాని ఎటువంటి హక్కూ, దావా లేవన్న వాక్యం ఆ కాగితంలో తప్పకుండా ఉంటుంది.

చీమకుర్తి, బల్లికురవ, మార్టూరు ప్రాంతాల్లోని గ్రానైటు క్వారీలు, పాలిషింగు యూనిట్లలోనే గాక రైసుమిల్లుల్లో, ఇటుక బట్టీల్లో, మార్కాపురం పలకల పనిలో కూడా ఈ పద్ధతి పరిచయమైనదే. కూలీలు దీనినే న్యాయం అనుకుంటున్నారు. కొందరు యజమానులు కూడా తాము ధర్మంగానే ఇచ్చామని నిజంగా నమ్ముతున్నారు. కాని ఆ కాగితంలోని ఆఖరి వాక్యానికి చట్టం దృష్టిలో విలువ లేదు. ఈనాడు కాదు, వంద సంవత్సరాలుగా లేదు.

కార్మికుల నష్టపరిహార చట్టాన్ని 1923లో చేశారు. 1924 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. 2010 నుంచి దానికి ఉద్యోగుల నష్టపరిహార చట్టం అని పేరు మారింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో దాని స్థానాన్ని సామాజిక భద్రతా కోడ్ తీసుకుంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టం కింద ఏర్పడిన హక్కులు అలాగే ఉంటాయి. చట్టం ఢిల్లీలో తయారైనా దావా వినే అధికారిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. జిల్లాలలో ఇంతకాలం కార్మిక శాఖకు చెందిన సహాయ, ఉప కమిషనర్లే ఈ కేసులు విచారిస్తూ వచ్చారు. అంటే కూలీ వెళ్లవలసింది సివిలు కోర్టుకు కాదు, లేబరు ఆఫీసుకు. ఈ ఒక్క సంగతి తెలియక ఆగిపోయిన దావాలు కొన్నయితే, తెలిసీ వెళ్లలేక ఆగిపోయినవి మరికొన్ని.

లెక్క ఎలా వేస్తారు?

పరిహారం ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడింది కాదు. దానికి ఒక లెక్క ఉంది. కూలీ నెలసరి వేతనం, ప్రమాదం నాటికి అతని వయసు, పోయిన అవయవం – ఈ మూడూ తెలిస్తే ఐదో తరగతి పిల్లవాడైనా ఆ లెక్క వేయగలడు.

నెలకు 12,000 రూపాయల కూలి మీద పాలిషింగు యూనిట్‌లో పనిచేసే 30 ఏళ్ల కార్మికుడికి ఒక చేతి నాలుగు వేళ్లు తెగిపోయాయనుకుందాం. వేతనంలో నూటికి 60 వంతు, అంటే 7,200 రూపాయలు తీసుకోవాలి. చట్టానికి జతచేసిన పట్టికలో 30 ఏళ్ల వయసుకు ఉన్న అంకె 207.98. ఈ రెంటినీ హెచ్చిస్తే 14,97,456 రూపాయలు వస్తుంది. ఇది మనిషి పూర్తిగా పనికి దూరమైనప్పుడు ఇవ్వవలసిన మొత్తం. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే సంపాదన శక్తి సగం పోయినట్టు పాత చట్టం మొదటి షెడ్యూలు చెబుతున్నది. కాబట్టి ఈ కార్మికుడికి రావలసింది 7,48,728 రూపాయలు. అదే మనిషికి బొటనవేలు ఒక్కటే పోతే 30 శాతం చొప్పున దాదాపు నాలుగున్నర లక్షలు. చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం, అంటే రెండు లక్షల పైచిలుకు.

అరుగు మీద చూపుడువేలికి ఎంత పలుకుతున్నదో ఈ ప్రాంతపు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మరణానికి లెక్క వేరు. వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉన్న అంకెతో హెచ్చించాలి. అదే 12,000 కూలి మీద 30 ఏళ్ల మనిషి చనిపోతే కుటుంబానికి 12,47,880 రూపాయలు, 40 ఏళ్ల మనిషి అయితే 11,05,020, 50 ఏళ్ల మనిషి అయితే 9,18,540. మరణం కంటే పూర్తి వైకల్యానికి ఎక్కువ ఇవ్వడం వింతగా తోచవచ్చు. బతికి ఉన్న మనిషికీ తిండి, మందులు కావాలి గదా అన్నది ఇందులోని ఆలోచన.

కొత్త కోడ్‌లోనూ హెచ్చవేత ఇదే పద్ధతిలో ఉంది. పాత చట్టంలో ఒక లోపం చాలాకాలం సాగింది. కూలి ఎంత వచ్చినా లెక్కలోకి తీసుకునే వేతనానికి ఒక పరిమితి ఉండేది. అది 4,000 నుంచి 2010లో 8,000కు, 2020 జనవరిలో 15,000కు పెరిగింది. 2010కీ 2020కీ మధ్య క్వారీలో నెలకు 15,000 సంపాదించిన డ్రిల్లరు చనిపోయినా అతని వేతనం 8,000 అనే లెక్కించారు. ధరలు ఏటా పెరిగినా పరిమితి పదేళ్లు కదలలేదు. ఆ పదేళ్లలో జరిగిన ప్రమాదాల బాధితులకు చట్టప్రకారమే సగానికి సగం తక్కువ ముట్టింది.

వేళ్లు తెగితే షెడ్యూలు చూసి చెప్పవచ్చు. నడుము విరిగితే? చెయ్యి తెగకుండా నలిగి చచ్చుబడితే? గ్రానైటు పనిలో ఇటువంటివే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అప్పుడు సంపాదన శక్తి ఎంత తగ్గిందో అర్హతగల డాక్టరు నిర్ణయించాలి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. పింఛను కోసం సదరం శిబిరంలో తీసుకున్న శాతం వేరు, పరిహారం కేసుకు కావలసిన సర్టిఫికెట్ వేరు. సదరంలో 40 శాతం రాలేదని పింఛను ఆగవచ్చుగాని, పరిహారానికి అటువంటి గీత లేదు. ఒక్క వేలు కొన పోయినా షెడ్యూలులో దానికి ఒక శాతం రాసి ఉంది.

ఆ శాతం కూడా అన్ని సందర్భాల్లోనూ ఆఖరి మాట కాదు. 1968లో సినిమాహాలులో నగిషీ పని చేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయడం సాధ్యం కాదు గనుక అతనిని నూటికి నూరు పాళ్లు పనికి దూరమైనవాడిగానే చూడాలని 1975 డిసెంబరులో కోర్టు తీర్పు ఇచ్చింది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత ప్రమాదం జరిగిన రోజునే మొదలవుతుందనీ, అధికారి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదనీ ఆ తీర్పే చెప్పింది. బొటనవేలు పోయిన గుమాస్తాకూ, బొటనవేలు పోయిన రాతి చెక్కుడు పనివాడికీ నష్టం ఒకటి కాదని వాదించే అవకాశం ఈ తీర్పు వల్ల కలిగింది.

కాగితం విలువ ఎంత?

ఇప్పుడు పెద్దమనుషుల కాగితం సంగతి. పాత చట్టం 17వ సెక్షను ప్రకారం పరిహారపు హక్కును వదులుకుంటున్నట్టు కార్మికుడు ఏ ఒప్పందం రాసి ఇచ్చినా, అది యజమాని బాధ్యతను తగ్గించే మేరకు చెల్లదు. ప్రమాదానికి ముందు రాసినా అంతే, తరువాత రాసినా అంతే.

అలాగని చట్టం రాజీకి పూర్తిగా తలుపు మూయలేదు. ఇరువర్గాలూ ఒక మొత్తానికి ఒప్పుకుంటే ఆ ఒప్పందాన్ని యజమాని కమిషనరుకు పంపి రిజిస్టరు చేయించాలి. మొత్తం చాలదని గాని, మోసం చేసో ఒత్తిడి తెచ్చో రాయించారని గాని తోస్తే రిజిస్టరు చేయడానికి అధికారి నిరాకరించవచ్చు. రిజిస్టరు చేయని ఒప్పందానికి 29వ సెక్షనులో ఉన్న శిక్ష గట్టిది. యజమాని చట్టప్రకారం రావలసిన పూర్తి మొత్తమూ ఇవ్వాలి. అంతకుముందు అరుగు మీద ఇచ్చిన దానిలో, అధికారి వేరుగా చెబితే తప్ప, సగానికి మించి మినహాయించుకోవడానికి వీలులేదు. అంటే లక్ష ఇచ్చి కాగితం రాయించుకున్న యజమానికి లెక్కలోకి వచ్చేది యాభై వేలే. ఒప్పందాల రిజిస్ట్రేషను నిబంధన కొత్త కోడ్‌లోనూ ఉంది.

మరణం విషయంలో నిబంధన ఇంకా కఠినం. చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కిందికే రాదు. మూడు నెలల వేతనం దాకా అడ్వాన్సుగా ఇవ్వవచ్చు. మిగిలినదంతా అధికారి దగ్గర జమకట్టాలి. భార్యకు ఎంత, పిల్లలకు ఎంత అన్నది ఆయన పంచి ఇస్తాడు. మైనరు పిల్లల వాటా బ్యాంకులో వేయించవచ్చు. ఈ నిబంధన ఎందుకు పెట్టారో ఊళ్ల సంగతి తెలిసిన వారికి సులభంగానే బోధపడుతుంది. చావు ఇంట్లో డబ్బు చేతులు మారినప్పుడు అందులో మరిది వాటా, బావ వాటా, మధ్యవర్తి ఖర్చు పోగా విధవరాలి చేతికి ఎంత వస్తుందో అనుమానమే.

గాయపడిన కార్మికురాలికి ఒక్కసారిగా ఇచ్చే పరిహారానికీ ఇదే నిబంధన వర్తిస్తుంది. అదీ అధికారి ద్వారానే ముట్టాలి.

ఆలస్యానికి కూడా వెల ఉంది. చెల్లించవలసిన రోజు నుంచి నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి నూటికి 12 చొప్పున వడ్డీ పడుతుంది. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. పైన చెప్పిన నాలుగు వేళ్ల లెక్కలో 7,48,728 రూపాయల మీద ఏడాది వడ్డీయే 89,847 రూపాయలు. పెద్దమనుషులు ఉదారంగా తేల్చే లక్ష రూపాయలు ఒక ఏడాది వడ్డీకి కాస్త పైమాట, అంతే.

మరి ఎందుకు సాగుతున్నది?

చట్టం ఇంత గట్టిగా ఉంటే చెల్లని కాగితం ఎలా చెల్లుబాటవుతున్నది? కూలీ అమాయకత్వం అని ఒక్కమాటలో తేల్చడం సులభమేగాని నిజం అంత తేలిక కాదు.

మొదటిది అడ్వాన్సు. పనిలోకి వచ్చేటప్పుడే కూలీ తీసుకున్న డబ్బు ఖాతాలో ఉంటుంది. చెయ్యి పోయిన మనిషి ఆ బాకీ ఎలా తీరుస్తాడు? రాజీలో ఆ బాకీ కొట్టివేయడం ఒక పెద్ద ఉపకారంగా కనిపిస్తుంది. రెండవది ఇంట్లో మిగిలిన వారి పని. "ఏరా అబ్బాయ్, రేపు నీ తమ్ముణ్ణి పనిలో ఉంచాలా వద్దా?" అని మేస్త్రీ మెత్తగానే అడుగుతాడు. దానికి జవాబు చెప్పగల చట్టం ఏదీ లేదు. మూడవది రోజు గడవడం. దావా వేస్తే నెలల తరబడి తిరగాలి. యాభై వేలు ఈవేళే వస్తుంది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న ఆడమనిషికి ఏడున్నర లక్షల కంటే ఈవేళ్టి యాభై వేలే పెద్దగా కనిపిస్తే ఆమెను తప్పుపట్టడానికి లేదు.

ఆ భయానికి ఆధారమూ ఉంది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ రాత్రి కాపలాదారు 2003 ఏప్రిల్‌లో డ్యూటీకి మోటారుసైకిలు మీద వెళ్తూ ఫ్యాక్టరీకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో మరణించాడు. పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం పనిలో జరిగినట్టా కాదా అన్న వాదన మీద ఆ కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. దారికీ పనికీ సంబంధం రుజువైతే పనిలో జరిగినట్టేనని కోర్టు కుటుంబానికి అనుకూలంగా 2025 జూలై 29న తీర్పు ఇచ్చింది. గెలుపే, కాని మధ్యలో ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిలో జరిగే ప్రమాదాలను కొత్త కోడ్ స్పష్టంగానే పరిహారం కిందికి తెచ్చింది. కనుక ఇకమీదట ఈ వాదన మీద కేసులు ఇంతకాలం సాగకపోవచ్చు. దావాను మూడు నెలల్లో తేల్చాలని పాత చట్టంలోనూ రాసి ఉండేది. లేబరు ఆఫీసుల చుట్టూ తిరిగిన వారికి ఆ మూడు నెలలు ఎంత పొడుగో తెలుసు.

పనిచేసినట్టు రుజువేది?

దావా వేసిన కూలీకి ఎదురయ్యే మొదటి ప్రశ్న పరిహారం ఎంత అన్నది కాదు. "ఇతడు మా మనిషే కాదు" అన్న యజమాని మాటకు జవాబు ఏమిటన్నది. మస్టరు లేదు, జీతపు చీటీ లేదు. కూలి మేస్త్రీ చేతుల మీదుగా ముడుతుంది. లెక్క మేస్త్రీ జేబులోని చిన్న నోటు పుస్తకంలో ఉంటుంది. ప్రమాదం జరిగిన మర్నాడే ఆ పుస్తకం కనిపించకుండా పోవడం కొత్త కాదు.

మేస్త్రీ మనిషే, కంట్రాక్టరు మనిషే అన్న సాకు మాత్రం చట్టం ముందు నిలవదు. తన వ్యాపారానికి సంబంధించిన పనిని కంట్రాక్టరుకు అప్పగించిన అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. ముందు తాను చెల్లించి, తరువాత కంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. పనిచేసినట్టు రుజువు ఎన్నో రూపాల్లో ఉండవచ్చు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందని రాయించారో అది మొదటి రుజువు. "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించమని గుమాస్తా చెబితే ఒప్పుకోవడంలోనే సగం కేసు పోతున్నది. పోలీసు స్టేషనులో నమోదైన ఫిర్యాదు, తోటి పనివారి సాక్ష్యం, ఇప్పుడు ఫోను ద్వారా కూలి డబ్బు వేస్తున్న చోట ఆ చెల్లింపుల వివరం – ఇవన్నీ పనికి వస్తాయి. ఇన్నాళ్లూ రశీదు లేని కూలికి ఈ ఫోను చెల్లింపు మొదటిసారి ఒక రశీదు అయింది.

పనిలో చేర్చుకున్నప్పుడే పరిహారపు హక్కు గురించి కార్మికుడికి అతనికి తెలిసిన భాషలో రాతపూర్వకంగా తెలపాలని 2017లో చట్టాన్ని సవరించారు. తెలపని యజమానికి 50,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా. అటువంటి కాగితం అందుకున్న క్వారీ కూలీ ఎక్కడైనా ఉంటే అతనిని చూడవలసిందే. కొత్త కోడ్‌ల కింద నియామక పత్రం ఇవ్వడం కూడా తప్పనిసరి అయింది. ఇది నిజంగా అమలైతే పైన చెప్పిన మొదటి ప్రశ్నే పుట్టదు. మేస్త్రీల ద్వారా నడిచే పనిలో అది ఎవరి పేర, ఎవరి సంతకంతో వస్తుందన్నది చూడాలి.

ఇంకొక సాకు తాగుడు. ప్రమాదం జరిగితే ముందుగా వచ్చే మాట "తాగి పనిలోకి వచ్చాడు" అన్నదే. మద్యం మత్తు, కావాలని ఆజ్ఞ ధిక్కరించడం, రక్షణ సాధనాన్ని కావాలని తీసివేయడం – ఇవి యజమాని వాదనలే. కాని మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా ఈ వాదనలు చెల్లవని చట్టమే చెప్పింది. మామూలు అజాగ్రత్త అయితే ఏ సందర్భంలోనూ పరిహారానికి అడ్డు కాదు. బెల్టుకు గార్డు లేని మిల్లులో చెయ్యి పడినప్పుడు తప్పు ఎవరిదన్న చర్చే అనవసరం. పనిలో ఉండగా, పని వల్ల ప్రమాదం జరిగిందా అన్నదే ప్రశ్న.

యజమానుల వాదన

చిన్న యూనిట్ల యజమానులు చెప్పుకునే బాధలో నిజం లేకపోలేదు. ఆర్డర్లు తగ్గి, కరెంటు బిల్లులు పెరిగి, అప్పు మీద నడిచే యూనిట్‌పై ఒక్కసారిగా ఏడెనిమిది లక్షలు పడితే షట్టరు మూసుకోవలసిందేనని వారంటారు. అయితే ఇదే యజమాని లారీకి, క్రేనుకు, గోడౌనులోని సరుకుకు బీమా చేయిస్తున్నాడు. కూలీలకు సంబంధించిన పరిహార బీమా పాలసీ అని ఒకటి ఉంది. అది తీసుకుంటే ఆ భారం కంపెనీ మోస్తుంది. కొందరు తీసుకున్నారు కూడా, కాని పనిచేసే వారందరికీ కాక నలుగురైదుగురి పేరిట మాత్రమే. అరుగు మీద రాజీ పడితే ఆ పాలసీ కూడా అక్కరకు రాదు. పెద్దమనుషుల కాగితం చూసి బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు. కంపెనీ భరించవలసిన దాన్ని యజమాని జేబులో నుంచి ఇస్తున్నాడు, కూలీకి రావలసిందీ రావడం లేదు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. ఉంది. 2017 నుంచి 21,000 రూపాయల దాకా వేతనం ఉన్నవారు దాని కిందికి వస్తారు. 2019 జూలై నుంచి యజమాని వంతు వేతనంలో 3.25 శాతం, కార్మికుడి వంతు 0.75 శాతం. ఇ.ఎస్.ఐ.లో ఉన్న వారికి గాయం వల్ల కలిగే వైకల్యానికి ఆ సంస్థే నెలనెలా చెల్లిస్తుంది, యజమాని మీద వేరే పరిహారపు దావా ఉండదు. అంటే యజమానికి ఇంతకంటే చవకైన రక్షణ లేదు. అయినా పదిహేనుమంది పనిచేసే యూనిట్‌లో తొమ్మిదిమందినే చూపించే అలవాటు పోలేదు. నెలకు మిగిల్చే ఆ కొద్ది వందల కోసం లక్షల బాధ్యతను నెత్తిన పెట్టుకుంటున్నారన్నమాట.

పెద్ద ప్రమాదం, చిన్న ప్రమాదం

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది మరణించినప్పుడు మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటన వెలువడింది. మంత్రులు వచ్చారు, విచారణ సంఘం వచ్చింది. అటువంటి దారుణానికి ఆ మాత్రం స్పందన ఉండవలసిందే. కాని దాని వల్ల జనంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పరిహారం అంటే ప్రభుత్వం ప్రకటించేది, పెద్దలు వచ్చి ఇచ్చేది అని. ఎక్స్‌గ్రేషియా అన్న మాటకు అర్థమే చట్టబద్ధమైన బాధ్యత లేకున్నా దయతో ఇచ్చేదని. చట్టం కింద వచ్చే పరిహారం దయ కాదు, అడిగి తీసుకోవలసిన బాకీ.

ఒకేరోజు పదిమంది చనిపోతే పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. ఏడాది పొడవునా ఒక్కొక్కరుగా పోయే వేళ్లు, కళ్లు, కాళ్లు జిల్లా పేజీలో కూడా కనిపించవు. రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన వారి సంగతి అంతకంటే అన్యాయం. సిలికోసిస్‌ను చట్టం పనివల్ల వచ్చే వ్యాధిగా గుర్తించింది, ప్రమాదంతో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది. కాని ఆ జబ్బు ఏళ్ల తరబడి ముదిరి బయటపడే సరికి కూలీ నాలుగు యూనిట్లు మారి ఉంటాడు. చాలాచోట్ల దాన్ని క్షయ అనుకుని మందులు వాడుతూనే కాలం గడుపుతారు.

పొలంలో కూడా

ఈ హక్కు ఫ్యాక్టరీలకూ క్వారీలకే పరిమితమనుకోవడం కూడా పొరపాటే. ట్రాక్టరు, త్రెషర్ వంటి యంత్రాలతో చేసే వ్యవసాయ పనిలోని కూలీ, బోరుబావి తవ్వకం, మరమ్మతు పనుల్లోని కూలీ పాత చట్టం రెండవ షెడ్యూలులోనే ఉన్నారు. శనగ నూర్పిడిలో చీర కొంగు త్రెషర్‌లో చిక్కిన స్త్రీకి ఈ చట్టం వర్తిస్తుంది. ఇక్కడి చిక్కు వేరు. ఆమెకు పని ఇచ్చిన రైతు మూడెకరాల కౌలుదారు కావచ్చు. అతని దగ్గర వసూలు చేయడానికి ఏముంది? ఇటువంటి చోట ట్రాక్టరుకు గాని, యంత్రానికి గాని బీమా ఉన్నదా అని ముందు చూడాలి. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదమైతే మోటారు వాహనాల చట్టం కింద గాని, పరిహార చట్టం కింద గాని ఏదో ఒక దారినే దావా వేయాలి, రెండూ కుదరవు.

దావాకు గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి, మరణమైతే మరణించిన నాటి నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే అధికారి ఆలస్యాన్ని మన్నించవచ్చుగాని దాని మీద ఆధారపడకపోవడం మంచిది. రాజీ కాగితం మీద సంతకం చేసినవారు కూడా ఈ గడువులోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీసుకున్న డబ్బు దాచనక్కరలేదు, ఎంత ముట్టిందో దరఖాస్తులోనే రాయవచ్చు. ఉత్తర్వు మీద యజమాని హైకోర్టుకు అప్పీలు వెళ్లాలంటే ముందుగా ఆ మొత్తం జమకట్టవలసి ఉంటుంది. చెల్లించకపోతే భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేయవచ్చు.

మరో సంగతి వలస కూలీలకు ముఖ్యమైనది. దావా ప్రమాదం జరిగిన జిల్లాలోనే వేయనక్కరలేదు. కార్మికుడు గాని, చనిపోతే అతని కుటుంబం గాని తాము నివసించే ప్రాంతపు అధికారి దగ్గరే వేసుకోవచ్చు. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కార్మికులు మరణించారు. ఇటువంటి కుటుంబాలు ఒంగోలుకో, బాపట్లకో రానక్కరలేదు, తమ జిల్లాలోని కార్మిక శాఖ కార్యాలయంలోనే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆ ప్రమాదానికి సంబంధించి ఇంకా దావా వేయని కుటుంబం ఏదైనా ఉంటే, రెండేళ్ల గడువు 2027 ఆగస్టుతో ముగుస్తుంది.